ఇంజిన్ విప్పి కొలవకముందే మార్చేయమనడం సరికాదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన వ్యాసాన్ని మా షాపులో ముగ్గురం కలిసి చదివాం. ఇంజిన్ పోతే దాన్ని బాగుచేయించే ఆలోచన మానుకుని, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఒకటి తెచ్చి బిగించుకోవడమే తక్కువ ఖర్చుతో తేలే పని అని వ్యాసకర్త తేల్చి చెప్పారు. ఆ కార్ల పుట్టుపూర్వోత్తరాల గురించి ఆయన రాసినదంతా బాగానే ఉంది గానీ, ఈ ఒక్క సలహా మాత్రం నమ్మినవాళ్ళ జేబుకు చిల్లు పెట్టేలా ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్ళుగా బోరింగ్ (అరిగిన ఇంజిన్ సిలిండర్లను కాస్త పెద్దవిగా కోయడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును నున్నగా అరగదీయడం) షాపు నడుపుతున్నవాడిగా, రోజూ కళ్ళతో చూసేదీ చేత్తో కొలిచేదీ మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంజిన్ విప్పించుకోమని చెబితే లాభపడేవాళ్ళలో నేనూ ఒకడినే కదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు, అది న్యాయమైన అనుమానమే. అయితే ఫుల్ ఇంజిన్ పని బిల్లులో మా మిషన్ల పని పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా సామాన్ల ఖరీదు, మేస్త్రి కూలి. పైగా నేను ఇప్పుడు చెప్పబోయే కారుకు బోరింగే వేయకుండా పంపించాను.

మన దగ్గర తక్కువ బడ్జెట్లో దొరికే స్పోర్ట్స్ కారు అంటే రెండు తలుపుల పోర్షే కాదు. కుర్రాళ్ళు అప్పోసప్పో చేసి కొనేవి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, ఫియట్ అబార్త్ పుంటో, వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ లాంటివి. నిక్కచ్చిగా చూస్తే ఇవి సెడాన్లూ హ్యాచ్‌బ్యాక్‌లే తప్ప స్పోర్ట్స్ కార్లు కావు. అయినా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా) ఉండి, కాలు వేస్తే వీపు సీటుకు అంటుకునే బండిని మన రోడ్ల మీద ఆ పేరుతోనే పిలుస్తున్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. వీటిలో మా దగ్గరకు ఎక్కువగా వచ్చేది మొదటి తరం ఆక్టేవియా ఆర్‌ఎస్. 1,781 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండరుకు అయిదేసి వాల్వులు, టర్బో, మన దేశంలో అమ్మిన బండికి 150 హార్స్ పవర్. బ్లాకు పోత ఇనుముది. ఈ చివరి మాట ఎందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను.

కిందటేడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఒక కుర్రాడు అలాంటి బండి నాలుగు లక్షలకు కొని, సంక్రాంతికి ఇంటికి వస్తుండగా సూర్యాపేట దాటాక ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. పక్కకు ఆపి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది. సెన్సారే పాడై ఉంటుందనుకుని, పెట్రోలు బంకు దాకా మరో ఎనిమిది కిలోమీటర్లు నడిపాడు. బంకు చేరేసరికి ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు. రికవరీ బండి మీద ఆటోనగర్ చేరాక అతను నన్ను అడిగిన మొదటి మాట, "ఆయిల్ ఫుల్లుగానే ఉంది కదా బాబాయ్ గారూ, మరి లైటెందుకు వెలిగినట్టు?" ఆ లైటు చెప్పేది ఆయిల్ మట్టం కాదు, ప్రెషరు. చాంబరులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, నాలుగున్నర లీటర్ల ఆయిల్ ఉన్నా, దాన్ని పైకి పీల్చే గొట్టం మూతి దగ్గరి జాలీ మూసుకుపోతే క్రాంకు తిరిగే చోట ఉండే బేరింగులకు అందేది శూన్యం. చాంబరు దించి చూస్తే ఆ జాలీకి నల్లటి మడ్డి, చలికాలంలో పేరుకున్న నెయ్యిలా, గోటితో గీకితే వచ్చేటంత మందాన పట్టి ఉంది. టర్బో వేడికి ఆయిల్ మాడి మడ్డిగా మారడం ఈ ఇంజిన్‌కు ఉన్న పాత జబ్బే. దానికి తోడు, పాత యజమాని ఆయిల్ మార్పించిన తేదీలు సర్వీసు పుస్తకంలో ఏడాదిన్నరకు ఒకటి చొప్పున ఉన్నాయి.

అతనికి అప్పటికే రెండు లెక్కలు చేతికందాయి. కొత్త ఇంజిన్ ధర కారు ఖరీదును మించిపోయింది కాబట్టి దాని గురించి మాట్లాడుకోవలసిన పనే లేదు. రెండోది, వేరే రాష్ట్రం నుంచి లారీలో వచ్చే సెకండ్ హ్యాండ్ ఇంజిన్, రూ. 1,10,000. మీ వ్యాసకర్త లెక్క ఇలాంటి అంకె దగ్గరే ఆగిపోయింది. కానీ ఇంజిన్ ఒక్కటే వస్తే బండి నడవదు. లారీ కిరాయి, దింపి ఎక్కించే కూలి, వచ్చినది ఎంత మంచిదైనా మార్చక తప్పని టైమింగ్ బెల్టు, దాని టెన్షనరు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్ళు, ఆయిల్ కూలరు, టర్బో పని, ఆయిలూ ఫిల్టర్లూ అన్నీ కాగితం మీద వేసి చూస్తే మొత్తం రూ. 2,06,000 తేలింది.

ఆయిల్ కూలరు, టర్బో ఆ లెక్కలోకి ఎందుకు వచ్చాయో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్ మార్పించుకున్నవాళ్ళలో చాలామంది మునిగేది ఇక్కడే. బేరింగ్ అరిగి కొట్టుకున్నప్పుడు దాని లోహం సన్నటి రజనుగా మారి ఆయిల్‌తో పాటు తిరుగుతుంది. కొంత ఫిల్టరులో ఆగుతుంది, కొంత కూలరు లోపలి సన్నటి అరల్లో ఇరుక్కుంటుంది, కొంత టర్బో బేరింగుల్లోకి పోతుంది. కూలరును పెట్రోలు పోసి ఊపినా, గాలి కొట్టినా ఆ రజను పూర్తిగా రాదు. తీసి పారేసి కొత్తది వేయడమే దారి. రెండేళ్ళ కిందట ఇదే రకం బండి ఒకటి మా సందులోనే ఒక షెడ్డులో ఇంజిన్ మార్పించుకుంది. తెచ్చిన ఇంజిన్ నిజంగానే మంచిది. పాత కూలరునూ పాత టర్బోనూ తుడిచి దానికే బిగించారు. నలభై రోజులకు అదే చప్పుడుతో అదే బండి మళ్ళీ వచ్చింది. విప్పితే కొత్తగా వేసిన ఇంజిన్ బేరింగ్ షెల్స్‌లో (బేరింగులోని అర్ధవృత్తపు రేకుల్లో) పాత ఇంజిన్ రజను మెరుస్తూ కనిపించింది. ఆ యజమాని రెండు ఇంజిన్లకు డబ్బు పెట్టి, చివరకు బండిని తుక్కు ధరకు వదిలించుకున్నాడు.

మళ్ళీ మన కుర్రాడి సంగతికి వస్తాను. అతని మేస్త్రి, ఇంజిన్ విప్పుతున్నాం కదా అని ఆనవాయితీ ప్రకారం బోరు పెంచాక సరిపోయే ఓవర్ సైజు పిస్టన్లు తెప్పించమని చెప్పేశాడు. నేను ఒక్క రోజు ఆగమన్నాను. క్రాంకు తీసి, బ్లాకు కడిగించి, బోర్ గేజీతో నాలుగు సిలిండర్లనూ పైన, మధ్యన, కింద, అటు ఇటు అడ్డంగా కూడా కొలిచాను. 81 మిల్లీమీటర్ల బోరులో (సిలిండరు లోపలి అడ్డుకొలత), పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎక్కువగా రాపిడి పెట్టే పై భాగాన కూడా అరుగుదల మిల్లీమీటరులో నూటికి మూడు వంతులకు మించలేదు. అంటే బోరింగ్ అవసరం లేదు, పాత పిస్టన్లనే కడిగి కొలిచి వాడుకోవచ్చు, కొత్త రింగులూ సన్నగా హోనింగూ (సిలిండరు గోడ మీద రాయితో సన్నటి గీతలు వేయడం) చాలు. ఈ ఒక్క కొలతతో ముప్పై వేల రూపాయలకు పైగా మిగిలాయి. దెబ్బ తిన్నదల్లా కిందనే. మూడో నంబరు కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) బేరింగు తన చోటులో తిరిగిపోయి, క్రాంకు వైపు ఉండే రాడ్డు పెద్ద కన్ను గుండ్రం తప్పింది, క్రాంకు మీద గోరు ఆనేటంత గీతలు పడ్డాయి. క్రాంకును పావు మిల్లీమీటరు తగ్గించి, అంటే మా భాషలో పది సైజుకు, గ్రైండింగ్ చేశాం. ఆ ఒక్క రాడ్డునూ తూకం సరిపోయేదాన్ని వెతికి మార్చారు. అన్ని బేరింగులూ, కొత్త ఆయిల్ పంపు, జాలీ, కూలరు, హెడ్డు (ఇంజిన్ పై మూత) పని, గాస్కెట్లు, టర్బో పని, మేస్త్రి కూలితో సహా మొత్తం బిల్లు రూ. 1,90,000 అయింది. ఇందులో నాకు ముట్టినది రూ. 11,000.

ఈ బిల్లు చూపించి, బాగుచేయించుకోవడమే ఎప్పుడూ చవక అని నేను వాదించడం లేదు. ఆ బోర్లు ఇంకొంచెం అరిగి ఉంటే లెక్క తిరగబడేది. ఏది చవకో ఇంజిన్ విప్పి కొలిస్తే తప్ప ఎవరికీ తెలియదు, విప్పి కొలవడానికి అయ్యేది కొన్ని వేలు మాత్రమే, ఆ పని జరగకముందు ఏ సలహా చెప్పినా అది సోది చెప్పడమే అవుతుందన్నది నా అభ్యంతరం.

కొలవకుండానే తేలిపోయే సందర్భాలు లేకపోలేదు. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పక్క గోడను చీల్చుకుని బయటపడితే, ఆ కన్నంలోంచి క్రాంకు కనిపిస్తుంటే, వెల్డింగు పెట్టిస్తామనే మాట వినకుండా ఇంజిన్ మార్చుకోవడమే మేలు. మెయిన్ బేరింగులు కూర్చునే చోట్లు వేడికి వంగిపోయినా అంతే. ఇందాక పోత ఇనుప బ్లాకు అన్నాను కదా, దానికి సిలిండరు అరిగితే అర మిల్లీమీటరు పెంచి బోరు వేయవచ్చు, అదీ దాటితే స్లీవు (సిలిండరు లోపల వేసే కొత్త గొట్టం) దించవచ్చు, ఆ పని మన ఊళ్ళోనే అవుతుంది. పాత పోర్షే బాక్‌స్టర్ లాంటి బండ్ల ఇంజిన్‌లో అల్యూమినియం బ్లాకులోనే సిలికాన్ కలిపిన ప్రత్యేకమైన సిలిండరు గోడలు ఉంటాయి, వాటిని మా మిషను మీద ఎక్కించి ఇనుప బ్లాకులాగా కోస్తే గోడ పాడవుతుంది తప్ప బాగుపడదు. అలాంటి పని తెలిసినవాళ్ళ దగ్గరకు పంపాలి, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అలాంటి ఇంజిన్ తెరిచాక గోడల మీద నిలువు గీతలు కనిపిస్తే, నేనైతే మంచి ఇంజిన్ వెతుక్కోమనే చెబుతాను.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనక తప్పనివాళ్ళకు వ్యాసంలో చెప్పవలసినదీ చెప్పనిదీ ఒకటుంది. ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట లాంటి పెద్ద పాత సామాన్ల మార్కెట్ల నుంచి ఇంజిన్లు మన దాకా వస్తుంటాయి, వాటిలో మంచివీ ఉంటాయి. ఫోనులో వీడియో పంపి, నడుస్తున్న ఇంజిన్ చూసుకోండి అంటారు. ఆ వీడియోలో ఉన్నదీ, లారీ దిగినదీ ఒకటేనని చెప్పే ఆధారం ఏదీ ఉండదు. వారం రోజుల చెకింగ్ వారంటీ అని కాగితం మీద రాసిస్తారు, ఇంజిన్ ఎక్కించి, వైరింగు కలిపి, స్టార్టు చేసేసరికే ఆ వారం గడిచిపోతుంది. అందుకని డబ్బు పూర్తిగా ఇచ్చే ముందే చాంబరు దించి, ఒక రాడ్డు క్యాపు విప్పి షెల్ చూడనివ్వాలని అడగండి. ఒప్పుకోని చోట కొనకండి. స్పార్క్ ప్లగ్గు కన్నంలోంచి చిన్న కెమెరా దింపి సిలిండరు గోడలు చూడటం ఇప్పుడు ఆటోనగర్‌లో మామూలు పనే.

ముఖ్యంగా నీళ్ళలో మునిగిన బండ్ల ఇంజిన్ల విషయంలో జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు కార్లు ఎలా తేలాయో మేం కళ్ళారా చూశాం. నీరు గాలిలా నలిగేది కాదు. నీళ్ళు చేరిన ఇంజిన్‌ను స్టార్టు చేస్తే పిస్టన్ పైకి వెళ్ళలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బాగా వంగితే అక్కడికక్కడే తెలుస్తుంది, కొంచెమే వంగితే ఆ ఇంజిన్ కొన్ని నెలలు నడిచి, ఒకరోజు హైవే మీద రాడ్డు విరిగి బ్లాకు చీలుస్తుంది. దీన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. హెడ్డు తీసి, ఒక్కో పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, దాని మీద డయల్ గేజీ పెట్టి నాలుగింటి ఎత్తూ పోల్చి చూడాలి. నాలుగూ సమానంగా ఉండాలి. మొన్న ఒక ఇంజిన్‌లో రెండో పిస్టన్ మిగతా మూడింటి కంటే దాదాపు మిల్లీమీటరు కిందే ఆగింది. అమ్మినవాళ్ళు మాత్రం దాన్ని తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి ఇంజిన్‌గా చెప్పి పంపారు. ఆ మాట అబద్ధం కూడా కాకపోవచ్చు.

ఇక వ్యాసం పూర్తిగా విస్మరించినది కాగితాల విషయం. మన ఆర్‌సీ మీద చాసిస్ నంబరుతో పాటు ఇంజిన్ నంబరు కూడా ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిలో మార్పు చేయాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి, మార్పు జరిగాక 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. పాత బ్లాకునే ఉంచి పని చేయించుకుంటే నంబరు మారదు కాబట్టి ఈ తిరుగుడేమీ ఉండదు. వేరే ఇంజిన్ వేసుకుంటే మాత్రం దాన్ని ఎక్కడ కొన్నారో చూపే బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో చెప్పే కాగితం చేతిలో ఉండాలి. అవి లేకుండా కొన్న ఇంజిన్ దొంగ బండిది కాదని ఎవరు పూచీ పడతారు? సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది, తర్వాత అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి, అప్పుడు బండిని చూపించాలి. మొదటి తరం ఆక్టేవియా ఆర్‌ఎస్‌లన్నీ ఇప్పుడు ఆ వయసువే. తనిఖీలో నంబరు కలవకపోతే బండి ఆగిపోతుంది, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ కూడా ఆ నంబరే చూస్తుంది. పాత నంబరు అరగదీసి ఆర్‌సీలోని నంబరు కొట్టించుకోండి అని చెవిలో చెప్పేవాళ్ళున్నారు. అది నేరం, ఆ పని చేసినవాడితో పాటు చేయించుకున్నవాడూ పోలీసు స్టేషన్ మెట్లెక్కవలసి వస్తుంది.

ఇంత రాశాక మా వృత్తి తప్పులు దాచుకోవడం మర్యాద కాదు. ఓవర్‌హాలింగ్ చేయించిన ఇంజిన్లు ఆరు నెలలకే పొగ పెట్టడం మీ వ్యాసకర్త చూసి ఉంటారు, అది నిజమే, నేనూ చూశాను. దానికి కారణం చాలాసార్లు బోరింగ్ కాదు, ఆ తర్వాతి కడుగుడు. హోనింగు రాయి సిలిండరు గోడ మీద వేసిన సన్నటి అడ్డగీతల్లో రాతి పొడి మిగిలిపోతుంది. డీజిల్‌తో కడిగితే పైకి నిగనిగలాడుతుంది గానీ పొడి అలాగే ఉంటుంది. సబ్బు వేసిన వేడి నీళ్ళతో, బ్రష్షుతో రుద్ది, ఆరాక తెల్లగుడ్డకు కాస్త ఆయిల్ రాసి గోడను తుడవాలి. మొదటిసారి గుడ్డ బూడిదరంగులోకి మారుతుంది. మళ్ళీ కడగాలి. మా షాపులో గుడ్డ తెల్లగా వచ్చేసరికి నాలుగైదు సార్లు అవుతుంది, కుర్రాళ్ళు విసుక్కుంటారు, నేను వదలను. ఆ పొడి అలాగే ఉంటే కొత్త రింగులను అదే అరగదీసేస్తుంది. రెండో తప్పు, కోణం కొలిచి బిగించే హెడ్డు బోల్టులను మళ్ళీ వాడటం. అవి ఒకసారి సాగాక పని అయిపోయినట్టే, కొత్తవి వేయాలి. రింగు మొనల మధ్య సందు కొలవకుండా దించేయడం మూడోది. రోడ్డు పక్కన దుమ్ములో ఇంజిన్ బిగించడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. మేస్త్రిని ఎంచుకునేటప్పుడు రేటు కంటే ముందు, కొలిచిన అంకెలు కాగితం మీద రాసిస్తారా అని అడగండి. రాసివ్వనివాళ్ళు కొలవలేదనే లెక్క.

ఇంకొక్క మాట. బాగుచేయించినా, మార్పించినా, ఇంజిన్ ఎందుకు పోయిందో తేల్చుకోకుండా బండి స్టార్టు చేయకూడదు. మన కుర్రాడి బండికి కారణం మడ్డి పట్టిన జాలీ. మరో బండికి అది వాటర్ పంపు రెక్కలు విరిగి వేడెక్కడం కావచ్చు, ఇంకొకదానికి పవర్ పెంచుతామని కంప్యూటరులో లెక్కలు మార్చి, టర్బో ప్రెషరు పెంచి, పిస్టన్ కరిగేదాకా తెచ్చుకోవడం కావచ్చు. ఈ చివరిది ఈ మధ్య బాగా ఎక్కువైంది. అలాంటి బండికి కొత్త ఇంజిన్ వేసినా పాత ప్రోగ్రామే ఉంచితే దానికీ అదే గతి పడుతుంది.

కాబట్టి వ్యాసానికి కొనసాగింపుగా, ఇంజిన్ మార్చుకునేవాళ్ళు రవాణా శాఖ దగ్గర ఏ దరఖాస్తు ఇవ్వాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఇంజిన్ అమ్మినవాళ్ళ దగ్గర ఏ రసీదు తీసుకోవాలి అన్నది అధికారులనే అడిగి ఒక చిన్న పెట్టె కట్టి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా షాపుకు వచ్చేవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ఆ సంగతే తెలియదు.

అన్నట్టు, ఆ కుర్రాడు వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, చెప్పిన రోజుకే ఆయిల్ మార్పించడానికి వచ్చాడు. పాత ఫిల్టరును కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పట్టి చూశాం. ఎక్కడా మెరుపు లేదు. వేడెక్కిన ఇంజిన్‌కు గేజీ బిగించి, 2,000 ఆర్‌పీఎం దగ్గర చూస్తే కనీసం ఉండవలసినదాని కంటే ప్రెషరు బాగా పైనే నిలిచింది. ఎర్ర లైటు వెలిగితే ఈసారి ఏం చేస్తావని అడిగితే, తాళం తిప్పేసి అక్కడే ఆగి మీకే ఫోన్ చేస్తానండీ అన్నాడు.

ఇట్లు,
బోరింగ్ షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ.